చెయ్యెత్తని ఈలక్క

ఆవిడకి ఆ పేరు ఊరికే రాలేదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసిందంటే స్టేడియంలో తూర్పు గ్యాలరీ మొత్తం లేచి నిలబడాల్సిందే. పెళ్ళయిన కొత్తలో మొగుడు మొదటిసారి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్ళాడు. ఊరి జట్టు గోల్ కొట్టగానే ఒళ్ళు తెలియకుండా ఈల వేసేసింది. ముందు వరసల్లో మగాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. మొగుడు ఏమంటాడో అని ఆయన వైపు చూసింది. ఆయన మాత్రం తాపీగా, "ఇంకోటి వెయ్యవే, ఆ చివరాళ్ళకి వినపడినట్టు లేదు," అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఆవిడ అందరికీ ఈలక్క. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

మొగుడూ పెళ్ళాలిద్దరిదీ స్టేడియం వెనక వీధిలో లాండ్రీ షాపు. వెనక గదిలో ఉతకడం ఆయన పని, ముందు గదిలో ఇస్త్రీ ఆవిడ పని. మెషీన్ల రొద మధ్య బతికి బతికి ఆయన చెవులు కాస్త మందగించాయి. షాపు ముందు ఒక బెంచీ ఉంది. బట్టలిచ్చేవాళ్ళ కోసమని వేశారు గానీ, దాన్ని అరగదీసింది మాత్రం జట్టు అభిమానులే. మ్యాచ్ ముందు రోజు ఒక వాదన, మ్యాచ్ మర్నాడు ఒక వాదన. ఆ బెంచీకి మకుటం లేని మహారాజు ఈలక్క తమ్ముడు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు, అభిమాన సంఘానికి అధ్యక్షుడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఈలక్కే. కారు తోలడం నేర్చుకునేవాళ్ళ మీద అరిచి అరిచి అతని గొంతు ఎప్పుడూ బొంగురుగా ఉంటుంది. దాంతోనే గ్యాలరీలో నినాదాలు ఎత్తుకుంటాడు.

జట్టుకి పెద్ద మేనేజరొకాయన ఉన్నాడు. అభిమానులు ఆయన్ని పెద్దసారు అంటారు. ఒకప్పుడు ఆటగాళ్ళకి జీతాల్లేక, గేటుకి తాళం పడబోయే దశలో ఆయన వచ్చాడు. ఎవరెవరి కాళ్ళావేళ్ళా పడ్డాడో, కంపెనీలవాళ్ళని పట్టుకొచ్చాడు. తూర్పు గ్యాలరీకి పైకప్పు వేయించాడు. ఆ తర్వాత జట్టు కప్పు గెలిచింది. ఆ సంబరాల్లో ఆయన ఈ వీధికి కూడా వచ్చి, "ఆ ఈల మీదేనా? మా ఆటగాళ్ళు మీకు భయపడి పరిగెడుతున్నారమ్మా," అని నవ్వాడు. ఆ మాటతో ఈలక్క కడుపు నిండిపోయింది.

అలాంటి పెద్దసారు మీద ఒక పొద్దున వార్త వచ్చింది. ఫిర్యాదు చేసింది మైకులో మాట్లాడే అమ్మాయి. మైదానంలో ఎవరు గోల్ కొట్టారో, ఎవరి బదులు ఎవరు దిగుతున్నారో చెప్పేది ఆమే. ఆమె గొంతు తెలియని అభిమాని లేడు. ఉద్యోగం పొడిగించే సంగతి మాట్లాడాలంటూ అందరూ వెళ్ళిపోయాక గదికి పిలిచేవాడనీ, చెయ్యి పట్టుకున్నాడనీ, విదిలించుకుంటే "మైకు పట్టుకునేవాళ్ళకి కరువా" అన్నాడనీ రాసిచ్చింది. ఇదివరకు ఆఫీసులో పనిచేసి మానేసిన ఇంకొకామె కూడా ఇలాంటిదే చెప్పింది. అబద్ధమని పెద్దసారు ఖండించాడు. జట్టుని నడిపే క్లబ్బు విచారణ వేసింది.

ఆ సాయంత్రం బెంచీ మీద చోటు చాలలేదు.

"సెమీఫైనల్ ముందే గుర్తొచ్చిందా ఈవిడకి? ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకుంది?" అన్నాడు తమ్ముడు.

"ఉద్యోగం పెట్టుకుంది," అన్నాడు ఎలక్ట్రీషియన్. స్టేడియం లైట్లు బాగుచేసేది అతనే. బెంచీ మీద తక్కువ మాట్లాడేదీ అతనే.

"ఒక చేత్తో చప్పట్లు మోగవు బాబూ," అన్నాడు రిటైరైన గుమాస్తా.

"చెంపదెబ్బ మోగుతుందిగా బాబాయ్," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"నిప్పు లేందే పొగ రాదంటావు?"

"అనను. పొగ పెట్టేవాళ్ళూ ఉంటారు. అందుకే విచారణ అయ్యేదాకా ఆగుదాం అంటున్నా. అటూ వద్దు, ఇటూ వద్దు."

"ఆగడానికి ఇదేం బస్సా?" తమ్ముడు లేచి నిలబడ్డాడు. "ఆయన లేకపోతే మనకి జట్టే లేదు. ఆయన్ని ఇప్పుడు ఒంటరిగా వదిలేస్తే మనకంటే విశ్వాసం లేనోళ్ళు ఉండరు."

అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ అమ్మాయి చెప్పింది అబద్ధమని కూడా ఈలక్కకి అనిపించలేదు. చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది, మళ్ళీ తీసి మళ్ళీ మడతపెట్టింది.

వాదన వేడెక్కుతుంటే చల్లబరచాలనుకున్నాడో ఏమో, తమ్ముడు బట్టలు తగిలించే కర్రని మైకులా పట్టుకుని, ఆ అమ్మాయి గొంతు పెట్టి, "ప్రేక్షకులకు మనవి! పెద్దసారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆట ఆపవలసిందిగా కోరుతున్నాం," అన్నాడు. అచ్చం ఆమె సాగదీసే తీరే. బెంచీ బెంచీ అంతా పగలబడి నవ్వింది. ఈలక్కకీ నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ, అలవాటుకొద్దీ వేళ్ళు నోట్లో పెట్టి ఈల కూడా వేసింది. ఎవరో ఫోన్‌లో రికార్డు చేస్తున్నారని గమనించలేదు. ఎలక్ట్రీషియన్ మాత్రం తన సంచీ తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయి ఇంటి బట్టలు కూడా ఈలక్క దగ్గరికే వస్తాయి. ఆ వారం ఎవరూ వచ్చి తీసుకెళ్ళకపోతే ఆవిడే మూట కట్టుకుని వెళ్ళింది. మూడో అంతస్తు. తలుపు తీసింది ఆ అమ్మాయి తల్లి. మూట అందుకుంది గానీ లోపలికి రమ్మనలేదు.

"ఇకనుంచి మా బట్టలు మేమే చేసుకుంటాం లేమ్మా," అంది.

"అదేంటమ్మా, ఏమైనా మరకపడిందా? కాలిందా?"

తల్లి ఫోన్ తీసి ఏదో నొక్కింది. తమ్ముడి గొంతు వినపడింది. తర్వాత నవ్వులు. చిట్టచివర, అందరి నవ్వుల్నీ చీల్చుకుంటూ, ఈల.

తన ఈలని ఈలక్క బయటినుంచి వినడం అదే మొదటిసారి. ఇంత కర్కశంగా ఉంటుందని ఆవిడకి తెలీదు.

లోపలినుంచి అమ్మాయి వచ్చింది. కళ్ళ కింద నల్లటి చారలు. కోప్పడుతుందేమో అని చూసింది ఈలక్క. ఆమె కోప్పడలేదు.

"మొదటిరోజు మైకు ముందు నాకు నోరు పెగల్లేదక్కా. పేరు తప్పు చదివాను. అందరూ గోల చేస్తుంటే మీరు ఈల వేశారు, గుర్తుందా? జనం నవ్వేసి ఊరుకున్నారు. నా పరువు మీరే కాపాడారనుకున్నా."

"తప్పయిపోయిందమ్మా," అంది ఈలక్క. "తీయించేస్తాను దాన్ని."

"ఎక్కణ్ణుంచని తీయిస్తారు? మా పెద్దమ్మ వాళ్ళ ఆఫీసులో కూడా విన్నారట."

మెట్లు దిగుతుంటే ప్రతి అంతస్తులోనూ ఎవరో తనని చూస్తున్నట్టే ఉంది ఆవిడకి.

నేరుగా తమ్ముడి ఇంటికి వెళ్ళింది. అతను లేడు. మరదలు కూరగాయలు తరుగుతోంది. జరిగింది విని కత్తిపీట పక్కన పెట్టేసింది.

"మీకో మాట చెప్తాను వదినా, ఆయనతో అనకండి. మన పెద్దపిల్లకి క్లబ్బు ఆఫీసులో ఉద్యోగం ఇప్పిస్తానని పెద్దసారు మాటిచ్చారు కదా? పోయిన నెల రమ్మని కబురొచ్చింది. ఈయన వద్దన్నారు."

"ఎందుకు? ఎగిరి గంతేస్తాడనుకున్నానే!"

"నేనూ అదే అడిగాను. 'వద్దంటే వద్దు, అక్కడ వాతావరణం మనకి పడదు' అన్నారు. ఇంకేం అడిగినా చెప్పలేదు. అప్పటికింకా ఈ ఫిర్యాదు కూడా బయటికి రాలేదు వదినా."

ఈలక్కకి ఇప్పుడర్థమైంది. తమ్ముడికి ఏదో తెలుసు. లేదా అనుమానమైనా ఉంది. కూతురి విషయానికొచ్చేసరికి ఆ అనుమానం పనికొచ్చింది, పరాయి పిల్ల విషయానికొచ్చేసరికి పనికిరాలేదు.

ఆదివారం అభిమాన సంఘం సమావేశం. డ్రైవింగ్ స్కూలు పాఠాల గదిలోనే. గోడల నిండా 'ఆగుము', 'మలుపు కలదు', 'ఓవర్‌టేక్ చేయరాదు' బొమ్మలు. కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. పెద్దసారుకి పూర్తి మద్దతు తెలుపుతూ, తప్పుడు ఫిర్యాదుని ఖండిస్తూ తీర్మానం పెట్టాడు తమ్ముడు.

"తప్పుడు అనే మాట తీసెయ్," అన్నాడు ఎలక్ట్రీషియన్. "తప్పుడో కాదో తేల్చడానికి మనమెవరం?"

"నువ్వు ఎవరి వైపు?"

"నేను జట్టు వైపు. పెద్దసారు జట్టు కాదు. ఆయన రాకముందూ జట్టుంది."

గది గందరగోళమైంది. అందులో తమ్ముడి గొంతు పైకి లేచింది. "ఆయన గురించి నాకు తెలుసు! మన ఇళ్ళల్లో ఆడపిల్లల్ని కళ్ళు మూసుకుని ఆయన దగ్గరికి పంపొచ్చు, అలాంటి మనిషి!"

ఈలక్క తలెత్తి చూసింది. తమ్ముడు కూడా అదే క్షణంలో ఆవిడ వైపు చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు. అక్కకి తెలిసిపోయిందని అతనికి అర్థమైంది. మాట నాలుక చివరదాకా వచ్చింది ఈలక్కకి. మరి నీ కూతుర్ని ఎందుకు పంపలేదురా? అంతే, ఒక్క మాట. గది మూగబోయేది. తీర్మానం అక్కడికక్కడే చచ్చిపోయేది. కానీ రేపట్నుంచి బెంచీ మీద నలిగేది తమ్ముడి పేరు కాదు, మేనకోడలి పేరు. అసలేం జరిగిందో, ఏమీ జరగలేదో, ఆ పిల్లని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఎవరో ఒకరు ఆ పిల్ల గొంతు కూడా పెడతారు.

ఆవిడ లేచి నిలబడింది.

"నేనో మాట చెప్పాలి. పెద్దసారు తప్పు చేశాడో లేదో నాకు తెలీదు. విచారణవాళ్ళు తేలుస్తారు, తేల్చకపోనూ పోవచ్చు. మనం ఆ పిల్లని వెక్కిరించింది మాత్రం నిజం. దానికి విచారణ అక్కర్లేదు. మా షాపులోనే జరిగింది. చివర్లో ఈల నాదే. వాళ్ళింటికెళ్ళి విని వచ్చాను. మీరు కూడా ఒకసారి వాళ్ళమ్మ ఎదురుగా నిలబడి వినండి, అప్పుడు చేతులెత్తండి."

"అక్కా, అదేదో సరదాకి..." అన్నాడు తమ్ముడు.

"సరదాకేరా. అందుకే ఏడుపొస్తోంది."

గుమాస్తా గొంతు సవరించుకుని, అమ్మాయికి బాధ కలిగితే అది వేరే సంగతి, తీర్మానం వేరే సంగతి అన్నాడు. చేతులు లేచాయి. ఎక్కువ చేతులే లేచాయి. మళ్ళీ కూర్చున్న ఈలక్క చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఎలక్ట్రీషియన్, ఇంకో నలుగురైదుగురు కూడా ఎత్తలేదు. తీర్మానం నెగ్గింది.

దాని ఫలితం షాపులో కనపడింది. బెంచీ ఖాళీ అయింది. జట్టు జెర్సీలు ఉతికే పని వేరే షాపుకి పోయింది. "ఏమైందే, ఈమధ్య అంతా నిశ్శబ్దంగా ఉంది?" అని మొగుడు అడిగితే, "మీకు వినపడట్లేదు, అంతే," అంది. ఆయన ఆవిడ మొహం చూసి, ఆ పూట ఇస్త్రీ కూడా తనే చేశాడు.

జట్టు సెమీఫైనల్లో ఓడిపోయింది. ఆ ఓటమి కూడా ఆ అమ్మాయి ఖాతాలోనే వేశారు కొందరు. కొన్నాళ్ళకి పెద్దసారు ఆరోగ్యం బాగాలేదంటూ రాజీనామా చేశాడు. విచారణలో ఏం తేలిందో క్లబ్బు బయటపెట్టలేదు. తేలే ఉంటుంది, లేకపోతే ఎందుకు వెళ్తాడన్నారు కొందరు. అవమానం భరించలేక వెళ్ళాడన్నారు ఇంకొందరు. ఆ అమ్మాయిని మళ్ళీ మైకు దగ్గరికి ఎవరూ పిలవలేదు. తల్లీ కూతుళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడికో ఈలక్క అడగలేదు, అడిగే మొహం లేదనుకుంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం తమ్ముడు షాపుకి వచ్చాడు. తడిసిన గొడుగు బయట పెట్టి, బెంచీ మీద కాకుండా లోపల స్టూలు మీద కూర్చున్నాడు.

"బావ బాగున్నాడా?"

"బాగున్నాడు. తిన్నావా?"

"తిన్నాను."

ఆవిడ చొక్కా పక్కన పెట్టి ప్యాంటు పరిచింది.

"ఆ రోజు మీటింగులో నువ్వు నా కూతురి సంగతి ఎత్తుతావనుకున్నానక్కా."

"ఎత్తుదామనుకున్నాను నేనూ."

"నాకు ఏమీ తెలీదు. ఒట్టు. ఒకసారి నేను ఆయన ఆఫీసుకెళ్తే, ఒకమ్మాయి గదిలోంచి బయటికొస్తోంది. ఆ మొహం చూశాను. అంతకంటే ఏం చూడలేదు. అంత మాత్రానికే ఒక మనిషిని ఎలా అనుమానించను?"

"అనుమానించావుగా. అందుకేగా పిల్లని పంపలేదు."

తమ్ముడు తల వంచుకున్నాడు. "ఆయన మనకి చేసిన మేలు మర్చిపోలేనక్కా. ఇప్పటికీ."

"మర్చిపోమని ఎవరన్నారు? అది చెప్పావు. ఇది చెప్పలేదు. ఆ పిల్ల అబద్ధాలకోరని ఊరంతా అంటుంటే, ఈ ఒక్క మాట చెప్పలేదు."

"ఇప్పుడు చెప్తే ఏం లాభం?"

ఈలక్క ప్యాంటు తిరగేసి రెండో వైపు ఇస్త్రీ చేసింది. తమ్ముడు లేచి గొడుగు తీసుకున్నాడు, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వాన ఇంకా తగ్గలేదు.

"కూర్చోరా," అంది ఆవిడ. "తగ్గాక వెళ్దువుగాని."

అతను మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ ఇస్త్రీ పెట్టె మళ్ళీ అందుకుంది.