తెలుక్ ఇంటాన్‌లో చివరి తెలుగు ఆరాధన

ఈ ప్రయాణం ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. నేను కౌలాలంపూర్ దగ్గర సైబర్‌జయలో పనిచేస్తున్నాను. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చే వినియోగదారుల కాల్స్ విని, మా ఉద్యోగులు సరిగా జవాబు చెప్పారో లేదో చూడటం నా పని. రోజుకు ఎనిమిది గంటలు చెవుల్లో తెలుగు మోగుతూనే ఉంటుంది. ఆ మాటల్లో ఒక్కటీ నాతో అన్నది కాదు. తెనాలి నుంచి వచ్చి మూడేళ్ళయింది. ఆదివారాలు ఇంగ్లీషు ఆరాధనకు వెళ్ళి, వెనక బెంచీలో కూర్చుని, అయ్యాక అందరికీ నవ్వు ముఖం చూపించి గదికి వచ్చేదాన్ని. అలాంటి ఒక బుధవారం మా ప్రెస్బిటేరియన్ సంఘాల జాతీయ కార్యాలయం నుంచి మెయ్ గారు ఫోన్ చేసి, "నీకు తెలుగు చదవడం వచ్చా? మాట్లాడటం కాదు, చదవడం," అని అడిగారు.

మర్నాడు సాయంత్రం ఆవిడను కలిశాను. ఆ కార్యాలయం ఒక వీధిలో దుకాణాల పైన, రెండో అంతస్తులో ఉంది. నాలుగు బల్లలు, ఒక ప్రింటరు, గోడ వారగా పాటల పుస్తకాల పెట్టెలు. ఇంత చిన్న చోటు నుంచి దేశమంతా ఉన్న సంఘాలను ఎలా చూసుకుంటారని అడిగాను. మెయ్ గారు చీనా ఆవిడ, యాభై ఏళ్ళుంటాయి. తన పని గురించి చెప్పమంటే సిగ్గుపడతారు. అన్ని సంఘాలూ తమ కానుకల్లో కొంత భాగం ఇక్కడికి పంపుతాయనీ, సొంతంగా పాస్టరును పెట్టుకోలేని చిన్న సంఘాలకు బోధకులను పంపడం, కప్పు కారుతుంటే బాగుచేయించడం, ఆరాధన నడిపే సభ్యులకు తర్ఫీదు ఇవ్వడం తమ పని అనీ చెప్పారు. పెరాక్ కొండల్లో ఒరాంగ్ అస్లీలనే ఆదివాసుల ఊళ్ళలో జరిగే సువార్త పని, పిల్లల బడి కూడా వీళ్ళ చేతుల మీదుగానే నడుస్తాయి.

అదే పెరాక్ రాష్ట్రంలో, తెలుక్ ఇంటాన్ అనే పట్నం దగ్గర ఒకే ఒక్క తెలుగు ఆరాధన మిగిలింది. ఒకప్పుడు తోటల్లో కూలికి వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలది. పిల్లలందరూ క్లాంగ్ వైపు ఫ్యాక్టరీలకు వెళ్ళిపోయారు. నెలకొకసారి వెళ్ళే తెలుగు బోధకుడు కంటి ఆపరేషన్ చేయించుకుని కొన్ని నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. అక్కడి సంఘ పెద్ద యోహాను గారు ఎవరి చేతో రాయించి పంపిన ఉత్తరం మెయ్ గారు నా చేతికిచ్చారు. మలయ్ భాషలో రెండే వాక్యాలు. ఒక్కరోజుకు తెలుగు చదివే మనిషిని పంపండి. ఆరాధన పుస్తకం నా దగ్గర ఉంది.

"ఎందుకో రాయలేదు. వెళ్ళినప్పుడు ఇంకొకటి కూడా అడిగి రావాలి," అంటూ ఆవిడ ఒక కాగితం ఇచ్చారు. తెలుగు ఆరాధనను కొనసాగించాలా, ముగించాలా అన్నది దాని సారాంశం. సంఘ పెద్ద మాటను రాసుకుని, ఆయన సంతకం తీసుకుని, కింద నా అభిప్రాయం రాయాలి. కార్యాలయంలో నిర్ణయం ఆ కాగితం మీదే జరుగుతుంది.

ఆదివారం పొద్దున ఏడున్నరకు తాసిక్ సెలాటన్ బస్టాండులో బస్సెక్కాను. టికెట్టు ముప్పై రింగిట్ల లోపే. తిరుగు టికెట్టు కూడా అప్పుడే కొనేశాను, సాయంత్రం అయిదున్నరకు. మర్నాడు ఉదయం షిఫ్టు ఉంది. పెద్ద రోడ్డు దిగాక దారి పొడవునా ఆయిల్‌పామ్ తోటలే. చెట్ల వరసలు ఒకే కొలతతో వెనక్కి జరుగుతూ ఉంటే ఎంత దూరం వచ్చామో తెలియదు. పక్క సీటు ఖాళీగా ఉంది. సంచీ దాని మీద పెట్టి, అప్పుడప్పుడూ ఆ సంచీ మీద చెయ్యి వేసుకున్నాను.

పదకొండుకు ముందే తెలుక్ ఇంటాన్ చేరాను. ఒక పక్కకు ఒరిగిన గడియారపు గోపురం దగ్గర నలుగురైదుగురు ఫొటోలు దిగుతున్నారు. అక్కడే చీ చెవాంగ్ ఫన్ అనే బియ్యప్పిండి చుట్టలు పొట్లం కట్టించుకుని నిలబడి తిన్నాను. లోపల ఎండురొయ్యలు, ముల్లంగి ముక్కలు. యాప్‌లో కారు ఎంతకీ దొరకలేదు. చివరికి స్టాండులో ఒక తమిళ డ్రైవరు పాతిక రింగిట్లకు ఒప్పుకున్నాడు. చిరునామా చూపిస్తే, "తెలుంగు సర్చా? అంగే ఒరు తాత్తా దాన్ ఇరుక్కారు," అన్నాడు. అక్కడ ఉన్నది ఒక్క తాతే అని. నేను సరదాకు అంటున్నాడనుకున్నాను.

హుటాన్ మెలింటాంగ్ దారిలో ఇరవై నిమిషాలు వెళ్ళి, ఎర్రమట్టి బాటలోకి తిరిగాక రేకుల కప్పు గుడి కనబడింది. పొద్దున తమిళ ఆరాధన, మధ్యాహ్నం తెలుగు ఆరాధన అక్కడే. తమిళం వాళ్ళు వెళ్ళిపోయారు. మెట్ల మీద తెల్లచొక్కా వేసుకుని, ఎనభై దాటిన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయనే యోహాను గారు.

"తెలుగు సదువుతావా అమ్మా?" అన్నాడు, పలకరింపు కంటే ముందు.

"చదువుతానండి. మిగతావాళ్ళు ఎప్పుడొస్తారు తాతగారూ?"

"ఎవులొస్తారు? నేనూ మా యావిడా. ఆవిడ ఆర్నెల్ల కితం పోనాది. కూసో లా. ముందు తిను."

మాట చివర మలయ్ వాళ్ళ 'లా' తగిలిస్తూ, 'లేదు'ను 'నేదు' అంటూ ఆయన మాట్లాడే తెలుగు నాకు మొదట సగమే అందింది. గుడి వెనక గదిలో అన్నం, ఎండు నెత్తళ్ళ పులుసు తనే వండి ఉంచాడు. రెండు పళ్ళేలు కడిగి బోర్లించి ఉన్నాయి. తింటున్నంతసేపూ నేను నమలడం వైపే చూస్తూ, "కారం సాలిందా? మీ కాడ ఇంకా ఎక్కువ తింటారేటి?" అని అడుగుతూనే ఉన్నాడు. చాలిందన్నాను. నిజానికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది కారం వల్ల కాదు.

చేతులు కడుక్కున్నాక అసలు సంగతి చెప్పాడు. భార్య పోయిన రోజున తెలుగు బోధకుడు ఆసుపత్రిలో ఉన్నాడు. తమిళ పాస్టరు గారు వచ్చి అంతా నడిపించాడు.

"మంచోడు. ఏ లోటూ సెయ్యనేదు. నాకు తమిళం రాదా ఏటి? వస్తాది. ఆవిడికీ వచ్చును. బజారుకెళ్తే తమిళం, ఆసుపత్రికెళ్తే మలయ్. దేవుడితో మాత్రం తెలుగే మాటాడీది. మట్టి ఏసినప్పుడు ఒక్క తెలుగు ముక్క పడనేదు అమ్మా. ఆ పుస్తకంలో ఉన్నాది కదా, అది సదివి ఎల్లు. నాకు సదువు రాదు. ఆవిడే సదివీది."

సమాధుల చోటు గుడికి అరమైలు దూరంలో, తోట అంచున ఉంది. ఎండ మాడిపోతోంది. ఆయన గొడుగు నాకిచ్చి తను తువ్వాలు కప్పుకున్నాడు. వద్దన్నా వినలేదు. కొత్త సమాధి చుట్టూ గడ్డి అప్పుడే కోసినట్టుంది. ఆరాధన పుస్తకంలో ఖననం వేళ చదివే భాగం తీశాను. పేజీ అంచులు నలిగి మెత్తబడిపోయాయి. బడిలో తప్ప ఎవరి ముందూ పైకి తెలుగు చదివి ఎరగను. మొదటి వాక్యంలోనే రెండుసార్లు తడబడ్డాను. "నిదానంగా సదువు. తొందరేటి నేదు," అన్నాడు.

చనిపోయిన వారి పేరు చెప్పాల్సిన చోట పుస్తకంలో ఖాళీ ఉంది. సిలువ మీద ఉన్న పేరు చూసి "మా సహోదరి సంతోషమ్మ" అని చదివాను.

"ఆగు. అది బాప్తీసం పేరు. రికార్డులో ఉన్న పేరు. మా తోట కూలీల లైన్ ఇళ్ళల్లో ఆ పేరుతో ఎవులూ పిలవనేదు. సిట్టెమ్మ అని సదువు."

మళ్ళీ వాక్యం మొదటికి వెళ్ళాను. "మా సహోదరి చిట్టెమ్మ."

"సిట్టెమ్మ," అని దిద్దాడు.

"మా సహోదరి సిట్టెమ్మ," అన్నాను. ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మిగతా భాగం చివరిదాకా చదివాను. ఆమెన్ అన్నది మేమిద్దరమే. ఆయన వంగి, గుప్పెడు మట్టి తీసి సమాధి మీద వేశాడు. నా చేతికీ కొంచెం ఇచ్చాడు. నేనూ వేశాను.

గుడికి తిరిగి వచ్చాక కాగితం బయటికి తీశాను. ఆరాధన కొనసాగించాలా అని అడిగితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఆపేమను. బోధకుడికి కళ్ళు బాగైనాక ఇక్కడికి పంపొద్దను. ఆయన సుంగై సిపుట్ నుంచి రెండు బస్సులు మారి నా ఒక్కడి కోసం వస్తాడా? కొండ మీద ఆదివాసుల ఊళ్ళో పిల్లలకి ఆయనే నెలకి ఒక్క ఆదివారం పాఠం సెప్తాడు. ఇంకో ఆదివారం పంపండని అక్కడి బడి టీచరమ్మ అడుగుతానే ఉన్నాదట. ఆ ఆదివారం ఏదో నాదే కదా?"

"ఒక్కరున్నా సంఘమే తాతగారూ. కావాలంటే నేను నెలనెలా వస్తాను. నేనే చదువుతాను."

నేనంత గట్టిగా అంటానని నాకే తెలియదు. ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వు నా కోసం వస్తానంటన్నావా, నీ కోసమా?"

నేను కాగితాన్ని మడిచి, మళ్ళీ విప్పాను.

"తప్పేటి నేదు అమ్మా. నాకూ రమ్మనాలనే ఉన్నాది. మా సిన్నప్పుడు ఈ తోటలోకి సైకిలు మీద ఒక బోధకుడు వచ్చీవోడు. ఆయన్ని పంపడానికి ఎక్కడో ఎవులో ఒక ఆదివారం వదులుకోబట్టే కదా మాకు వచ్చినాడు. ఇప్పుడు నా వంతు. రాయి లా."

అప్పుడు నా మనసులో వచ్చిన ఆలోచన ఇక్కడ దాచను. ఆయన చదవలేడు. కార్యాలయంలో తెలుగు వచ్చినవాళ్ళు లేరు. "కొనసాగించాలి" అని రాసి సంతకం పెట్టించుకుంటే ఎవరికీ తెలియదు. నెలకొక ఆదివారం నాకూ వెళ్ళడానికి ఒక చోటు, నన్ను పేరు పెట్టి కాకపోయినా అమ్మా అని పిలిచే ఒక మనిషి మిగులుతారు. కలం మూత తీశాను. చివరికి ఆయన మాటలు ఆయన అన్నట్టే తెలుగులో రాశాను. కింద అదే ఇంగ్లీషులో రాశాను. పైకి చదివి వినిపించాను. నా అభిప్రాయం అన్న చోట, సంఘ పెద్ద చెప్పిందే నా మాట అని రాశాను. ఆయన వంకరటింకరగా సంతకం గీశాడు. అదొక్కటి సిట్టెమ్మ నేర్పిందట.

పని అయిపోయింది. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. పెద్దాయన స్టవ్ మీద టీ పెట్టి, బల్ల మీద ఎదురుగా కూర్చుని, "ఇంక పుస్తకం వద్దు. ఊరికే మాటాడు," అన్నాడు. ఏం మాట్లాడను? మా తెనాలి కాలవ గురించి చెప్పాను. మా చెల్లెలి పెళ్ళిలో వానొచ్చి పందిరి కూలిన సంగతి చెప్పాను. నా షిఫ్టు గురించి, నా గదికి కిటికీ లేకపోవడం గురించి చెప్పాను. మూడేళ్ళలో అంతసేపు మాట్లాడిన గుర్తు లేదు. ఆయన మధ్యమధ్యలో ఏదో ఒక మాట పట్టుకుని, "మా అమ్మ కూడా అలాగే అనీది," అని నవ్వేవాడు. ఆ తర్వాత తను మొదలుపెట్టాడు. రబ్బరు పాలు తీసే రోజుల్లో, చీకటుండగానే చెట్ల మధ్య తలకు దీపం కట్టుకుని తిరిగేవాళ్ళట. ఒకరోజు పక్క వరసలోంచి ఒక ఆడపిల్ల ఏడుస్తూ వచ్చిందట.

"అది సిట్టెమ్మ. ఎందుకేడుస్తన్నావంటే..." అంటుండగా బయట టాక్సీ హారన్ మోగింది. నన్ను తీసుకొచ్చిన డ్రైవరునే నాలుగున్నరకు రమ్మని నేనే చెప్పాను.

ఆయన ఆగిపోయాడు. "ఎల్లు, ఎల్లు. బస్సు ఎల్లిపోద్ది," అన్నాడు. నేను లేచాను. కారు మలుపు తిరిగేదాకా ఆయన మెట్ల మీదే నిలబడి ఉన్నాడు. చెయ్యి ఊపలేదు, ఊరికే చూస్తున్నాడు.

మెయ్ గారు కాగితం చదివి కార్యాలయ కమిటీ ముందు పెట్టారు. ఆ నెలలోనే కమిటీ కూర్చుని, బోధకుడి ఆదివారాన్ని కొండ మీది ఊరికి మార్చింది. అంతటితో వదిలెయ్యలేదు. యోహాను గారిని ప్రతి ఆదివారం ఇంటి నుంచి గుడికి తీసుకెళ్ళి మళ్ళీ దింపే పనిని తమిళ సంఘానికి అప్పగించి, వాళ్ళు నిజంగా చేస్తున్నారో లేదో ఆవిడే ఫోన్ చేసి కనుక్కుంటున్నారు. ఆయన ఇప్పుడు తమిళ ఆరాధనలో ముందు బెంచీలో కూర్చుంటున్నాడట. నేను రెండుసార్లు ఫోన్ చేశాను. ఆయనకు ఫోన్లో మాట వినబడదు. "ఎవులూ? ఎవులూ?" అని అడిగి, కాసేపాగి పెట్టేశాడు.

సంఘాలకు ఒక జాతీయ కార్యాలయం ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఇదివరకు కప్పులు, జీతాలు, పుస్తకాలు అనేదాన్ని. ఇప్పుడు, రెండు వాక్యాల ఉత్తరం పట్టుకుని ఊరంతా వెతికి, ఒక ముసలాయన కోసం, ఒక్క మధ్యాహ్నానికి, ఒక గొంతును పంపిస్తుంది అంటాను. ఆ మధ్యాహ్నం ఒక్కసారితోనే ముగిసిపోవడం కూడా దాని పనిలో భాగమేనని ఒప్పుకోవడానికి నాకు ఇంకా కష్టంగానే ఉంది. కొండ మీద పిల్లలకు రెండో ఆదివారం వచ్చిందని సంతోషిస్తాను. నా ఆదివారాలు మాత్రం మళ్ళీ వెనక బెంచీలోనే గడుస్తున్నాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. కౌలాలంపూర్ నుంచి తెలుక్ ఇంటాన్‌కు ఉదయం వెళ్ళి సాయంత్రం తిరిగి రావడం తేలికే, బస్సులూ బాగానే ఉంటాయి. అయినా అక్కడ ఎవరైనా పెద్దవాళ్ళను కలవబోతుంటే తిరుగు టికెట్టు ముందుగా కొనకండి. పట్నంలో చవకగా గదులు దొరుకుతాయి. ఒక రాత్రి ఉండండి. ఆ రోజు సిట్టెమ్మ ఎందుకు ఏడ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.