వీధి బొంత

కుట్లక్క రోజూ తెల్లవారగానే మిషను మీది గుడ్డ తీసి, చుక్క నూనె వేసి, చక్రాన్ని తాకి కళ్ళకద్దుకునేది. ఆ తర్వాత వేసే తొలి కుట్టుకు కూలి తీసుకునేది కాదు. అది దేవుడి కుట్టు అనేది. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు గనక, చిరిగిన బడిసంచో, పిగిలిన దిండు గలీబో, జేబు ఊడిన చొక్కానో ముందురోజు సాయంత్రమే ఆమె తలుపు గొళ్ళేనికి వేలాడుతూ ఉండేది. ఎవరిదని అడిగేది కాదు. కుట్టేసి మళ్ళీ ఆ గొళ్ళేనికే తగిలించేది.

పక్క అరుగు మీద చెప్పులు కుట్టే తాత ఆమెను ఆటపట్టించేవాడు. "నువ్వూ కుట్టేదానివే, నేనూ కుట్టేవాణ్ణే. ఆ దేవుడు నీ దగ్గరే ఎందుకు కుట్టించుకుంటాడే అమ్మాయ్?"

"ఆయన చెప్పులేసుకోడు గదా తాతా!"

తాత పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వేవాడు. కుట్లక్క మిషను ముందు కూర్చునే పీట కాలు ఊగుతోందని తెలిసి, ఆమె లేని వేళ చూసి తోలు ముక్క ఒకటి బిగించి వెళ్ళింది ఆయనే. ఆ మాట ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఆమే కనిపెట్టింది.

గొళ్ళేనికి వేలాడేవాటిలో కొన్ని సూదికి లొంగని స్థితిలో ఉండేవి. వాటి కోసం వచ్చినవాళ్ళను, "ఇది ఇక నిలవదమ్మా, నాకో ముక్క ఇస్తావా?" అని అడిగి, ఆ గుడ్డ ఎవరు కట్టిందో, ఏనాటిదో చెప్పించుకుని దాచేది. తాపీమేస్త్రీ తొలి కూలితో కొన్న తుండుగుడ్డ, కవలపిల్లలు చెరోవైపు లాగి చింపిన దుప్పటి, నర్సు చీర అంచు. ఇరవై ఏళ్ళలో ట్రంకుపెట్టె నిండిపోయింది. అవన్నీ కలిపి గోడంత బొంత కుట్టి, వీధి చివర అందరూ కూర్చునే గదిలో వేలాడదీయాలని ఆమె కోరిక.

మూలింటి మామ్మ ఇచ్చిన ముక్క అన్నిటికంటే కష్టం మీద వచ్చింది. అది ఆమె భర్త చొక్కా జేబు. ఆయన ఉత్తరాలు పంచిన మనిషి. జేబు అడుగున సిరా ఊరిన మరక అలాగే ఉంది. మామ్మకు చూపు పోయి చాలా కాలమైంది.

"కళ్ళు లేనిదాన్ని, తడుముకోవడానికి నాకు ఇదొక్కటే ఉందే తల్లీ. నేను కర్రేసుకుని వచ్చేంత దూరంలోనే ఉంటుందా?"

"మన గదిలోనే ఉంటుంది మామ్మా. మీ గుమ్మానికి నాలుగు గుమ్మాల అవతల. నా మాట."

మామ్మ జేబును ఒకసారి చెంపకు ఆనించుకుని ఇచ్చేసింది.

పుస్తకాల వదిన సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమె మునిసిపాలిటీ రీడింగు రూములో పదకొండేళ్ళుగా టెంపరరీ ఉద్యోగం చేస్తోంది. కుట్లక్కా ఆమే ఒకరికొకరు వదినలే. ఆ ఉద్యోగానికి ముందునుంచే రోజూ సాయంత్రం వచ్చి, మిషను పక్కన కూర్చుని, పేపరో పుస్తకమో పైకి చదివేది. కుట్లక్కకు చదువు రాక కాదు. ఆమె కళ్ళూ చేతులూ గుడ్డ మీద ఉంటాయి, చెవులే ఖాళీ. కుట్లక్క విషజ్వరంతో పడి ఉన్న పదిరోజులూ వదినే వచ్చి తడిగుడ్డలు వేసింది. ఆ మంచిని చెప్పకుండా దాటిపోవడం ధర్మం కాదు.

ఒక సాయంత్రం వదిన రొప్పుతూ వచ్చింది. "వదినా, వీధి కళలకి మునిసిపాలిటీ వాళ్ళు గ్రాంటు ఇస్తున్నారు. నీ బొంతకి అడుగుదాం. కారే ఆ గది కప్పు కూడా అందులోనే బాగుచేయించొచ్చు."

"నాకెవరిస్తారే? గౌన్లు కుట్టుకునేదాన్ని."

"నువ్వు కుట్టు, నేను రాస్తా."

దరఖాస్తు తొమ్మిది పేజీలు. అలవాటు ప్రకారం వదిన పైకి చదువుతోంది, కుట్లక్క కాలు మిషను మీద ఆడుతోంది. కప్పు మరమ్మతు మాట వచ్చినప్పుడు మాత్రం మిషను ఆపి, "మళ్ళీ చదువు," అని మురిసిపోయింది. చివర వదిన వేలు పెట్టిన చోట సంతకం చేసింది. ఇరవై ఏళ్ళుగా నమ్మిన గొంతు, అనుమానం ఎక్కణ్ణుంచి పుడుతుంది?

గ్రాంటు వచ్చింది. కప్పు బాగుపడింది. ఐదు నెలలు కుట్టారు. వీధిలో ఆడవాళ్ళు వంతులేసుకుని అంచులు పట్టుకున్నారు. తాత కూడా తన లావు సూదితో ఒక మూల కుట్టి, "దేవుడు ఇప్పుడు చూస్తాడులే," అన్నాడు. ఇరవై రోజులు గది గోడ మీద ఉంది బొంత. మామ్మ రోజూ వచ్చేది. గోడ వెంట చెయ్యి జరుపుకుంటూ, సరిగ్గా ఆ జేబు దగ్గర ఆగేది.

తర్వాత మునిసిపాలిటీ వ్యాను వచ్చింది. "నెల్రోజులు టౌన్‌హాల్లో చూపించి పంపేస్తారు వదినా," అంది పుస్తకాల వదిన.

నెల అయింది. రెండు నెలలైంది. మామ్మ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి ఉత్త గోడ తడుముకుని, కుట్లక్క గుమ్మం ముందు ఆగేది. "ఇంకా రాలేదేమే?"

"వస్తుంది మామ్మా." అలా మూడుసార్లు చెప్పింది.

వదిన ఈమధ్య సాయంత్రాలు రావడం లేదు. తలనొప్పంది, పని ఎక్కువంది. చివరికి కుట్లక్కే బస్సెక్కి టౌన్‌హాలుకు వెళ్ళింది. నిలువెత్తు అద్దం వెనక ఉంది బొంత. పక్కన ఇత్తడి పలక. మునిసిపాలిటీ సొత్తు అని, ముట్టుకోరాదని రాసి ఉంది. కింద రూపకల్పన, సంరక్షణ అన్నచోట వదిన పేరు. దానికీ కింద చీమతలకాయంత అక్షరాల్లో, కుట్టుపని: వీధి మహిళలు.

గుమాస్తా విసుక్కోకుండా ఫైలు తెచ్చి చూపించాడు. ఏడో పేజీలో మూడు వరుసలు. తయారైన వస్తువు శాశ్వతంగా మునిసిపాలిటీకే చెందుతుంది. దాని సంరక్షణకు దరఖాస్తు రాసినవారిని పర్మనెంటు చేస్తారు. ఇక వెనక్కివ్వడం జరగదు.

"ఇదిగోనమ్మా, మీ సంతకమే కదా. చదువుకోకుండా పెట్టేశారా?"

"చదివారు బాబూ," అంది కుట్లక్క. "నాకు చదివి వినిపించారు."

ఆయన కుర్చీ లాగి కూర్చోమని, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

అక్కణ్ణుంచి తిన్నగా రీడింగు రూముకు వెళ్ళింది. వదిన ఆమెను చూడగానే చేతిలో పుస్తకం మూసేసింది.

"ఆ మూడు వరుసలూ ఎందుకు చదవలేదు వదినా?"

"చదివితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే." వదిన కళ్ళు నేల మీదే ఉన్నాయి. "పదకొండేళ్ళు వదినా. ప్రతి ఏడూ ఉంచుతారో తీసేస్తారోనని గుండె గుప్పిట్లో పెట్టుకుని బతికాను. నీకేం, మిషను నీది. అయినా ఆ గదిలో ఉంటే ఎలకలు కొట్టేసేవి. అద్దంలో భద్రంగా ఉంది."

"భద్రంగానే ఉంది. మామ్మ చెయ్యి మాత్రం అందదు."

"చెప్పాలనే అనుకున్నా. రోజూ అనుకున్నా."

"నీకు పేరు కావాలంటే నా చేత్తో నేనే కుట్టి ఇచ్చేదాన్ని కదే. ఉద్యోగం కావాలంటే ఇంకో బొంత కుట్టేదాన్ని, మొత్తం నా చీరలే చింపి. అడక్కుండా మామ్మ జేబు తీసుకున్నావు. పైగా నా సంతకంతో." ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే వదినకు తేలికయ్యేదేమో. "నీ గొంతు వింటూ ఎన్ని గుడ్డలు కుట్టానో. ఇప్పుడు అందులో ఏమేం దాటేశావోనని ప్రతిదీ వెనక్కి తవ్వుకోవాల్సి వస్తోంది."

వదిన ఏడవసాగింది. కుట్లక్క కొంగుతో ఆమె కన్నీళ్ళు తుడవబోయి, చెయ్యి సగంలో ఆపుకుంది.

"నాకో ఉపకారం చేసిపెట్టు వదినా. ఇంకేమీ అడగను. మామ్మకి వస్తుందని మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెప్పే నోరు నాకు లేదు. నువ్వు రా. రాదని నువ్వు చెప్పు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంటాను."