సైదమ్మ నెత్తుటి చుక్క

నేను దయ్యాలను నమ్మేవాణ్ని కాను. మైక్రోస్కోపులో కంటికి కనబడిందే నిజమనుకునే ఉద్యోగం నాది. ఈ సంగతి చెబితే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారని చాలాకాలం దాచుకున్నాను.

హైదరాబాదు సంస్థానం మీద పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది. సూర్యాపేటలో ఒక కిరాయి ఇంట్లో మా మలేరియా ల్యాబు ఉండేది. నేను ఊళ్లు తిరిగి, జ్వరం వచ్చినవాళ్ల వేలు సూదితో పొడిచి, నెత్తుటి చుక్కను గాజుపలక మీద పూసి తెచ్చేవాణ్ని. దానికి రంగు వేసి, కింది అద్దంతో వెలుతురు పట్టి మైక్రోస్కోపులో చూస్తే మలేరియా క్రిమి బయటపడేది. మా ఖాకీ బట్టలు కనబడితే చాలు, పోలీసులనుకుని జనం చేలల్లోకి పారిపోయే రోజులవి. రక్తం అడిగితే ఇంకా బెదిరిపోయేవారు.

ఆ రోజు పెన్‌పహాడ్ బడి అరుగు మీద పొద్దుటి నుంచి కూర్చున్నా ఒక్కరూ రాలేదు. ఎండ నడినెత్తికి ఎక్కాక ఒక పడుచు ఒంటరిగా వచ్చి ఎడమచెయ్యి చాపింది. పేరు సైదమ్మ అంది. ఇల్లు ఊరి చివరంది. సూది గుచ్చుతుంటే ఆమె ఉంగరపు వేలు చల్లగా తగిలింది.

"జర జల్ది సూడుండ్రి సారూ" అని వెళ్లిపోయింది.

మర్నాడు ల్యాబులో ఆ పలక చూసి అదిరిపడ్డాను. ఎక్కడ చూసినా క్రిములే. మా ల్యాబు డాక్టరు గారిని పిలిచాను. ఆయన చాలాసేపు చూశారు.

"గీ మనిషి నడిసొచ్చిందా? లేసి కూసునుడే కష్టం గదయ్యా" అన్నారు.

వెంటనే క్వినైన్ ఇంజెక్షన్లు తీసుకుని జీపులో బయలుదేరాం.

సైదమ్మ గొంగడి మీద స్పృహ లేకుండా పడి ఉంది. పళ్లు బిగుసుకుపోయాయి. పక్కన కూర్చున్న ఆమె అత్త మమ్మల్ని చూసి వణికిపోయింది.

"మీకెవలు జెప్పిండ్రు సారూ?"

"నిన్న నీ కోడలే వచ్చి రక్తమిచ్చింది గదమ్మా" అన్నాను.

"నా కోడలా? మొన్న పొద్దుగూకినంక పడ్డది, మల్ల కండ్లు దెరువలే. నేను దీని పక్కకెల్లి లేస్తే ఒట్టు!"

ఇరుగుపొరుగూ అదే చెప్పారు. నేను సైదమ్మ ఎడమచేతి పిడికిలి విప్పాను. ఉంగరపు వేలి కొసన సూది గుచ్చిన గుర్తు ఉంది. దాని మీద నెత్తురు ఎండిపోయి ఉంది.

డాక్టరు గారు ఇంజెక్షన్ ఇచ్చారు. ఆమె కళ్లు తెరిచేదాకా ఆ గుమ్మంలోనే ఉన్నాం.

ఒంట్లో సత్తువ వచ్చాక ఒకరోజు అత్తాకోడళ్లు ల్యాబుకు వచ్చారు. సైదమ్మ నన్ను గుర్తుపట్టలేదు. బడి అరుగు మీదికి తను రానే లేదంది. జ్వరంలో ఉండగా ఏమైనా జ్ఞాపకం ఉందా అని అడిగాను.

"సలి సారూ. నున్నటి దాని మీద పండుకున్న. కదులుదమంటే రాలే. కిందికెల్లి ఒకటే ఎలుతురు. మీదికెల్లి గింత పెద్ద కన్ను సూస్తున్నది. అది పోయినంక ఇంకో కన్నొచ్చి శానాసేపు సూసింది."

మైక్రోస్కోపు లోపలి గదిలో ఉండేది. ఆమె దాన్ని ఎన్నడూ చూసి ఎరగదు. డాక్టరు గారు కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోయారు.

అదే ఉద్యోగంలో రిటైరయ్యాను. అప్పటిదాకా ఏ పలక మీదికి వంగబోయినా, అక్కడున్న మనిషికి చలేస్తోందేమోనని ఒక్క క్షణం ఆగిపోయేవాణ్ని.