నిలవ సీసా

కిందటి ఆదివారం పొద్దున్న అరుగు మీద కూర్చుని పేపరు తిరగేస్తూ ఉంటే తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అవతల ఒక అమ్మాయి హిందీలో మాట్లాడుతూ, తాను త్రిసూర్ నుంచి ఫోను చేస్తున్నానని, మస్కట్ హోటల్లో నాతో కలిసి పనిచేసిన పెద్దాయన కూతురినని చెప్పింది. నాన్నకి ఏడాదిగా మతిమరుపు ముదిరిందనీ, ఇప్పుడు తనని కూడా ఎవరమ్మా నువ్వు అని అడుగుతున్నారనీ, రోజంతా ఒకే ఒక్క మాట మాత్రం అడుగుతూ ఉంటారనీ అంది. ఆ మాట "సింకిల్ ఒళిచ్చో?" అంటే మలయాళంలో, సింకులో పోసేశావా అని. ఇంట్లో వాళ్ళు మొదట వంటింట్లో గొట్టం ఏదో కారుతోంది కాబోలు అనుకుని ప్లంబరును కూడా పిలిపించారట. చివరికి ఆయన పాత డైరీలో నా నంబరు పక్కన సీసా బొమ్మ గీసి ఉండటం చూసి, ఏమైనా తెలుస్తుందేమోనని నాకు చేసిందట.

నేను పగలబడి నవ్వాను. ఆ ప్రశ్న నాదమ్మా, ముప్ఫై ఏళ్ళుగా మీ నాన్నగారు నన్ను అడుగుతున్నదే, అని, జరిగిందంతా చెప్పుకొచ్చాను.

నా ఈడు వాళ్ళలో గల్ఫ్‌లో నాలుగేళ్ళైనా చెయ్యని వాళ్ళు మా వైపు తక్కువే కాబట్టి, వీసా కోసం ఎన్ని తిరుగుళ్ళు తిరిగామో, విమానం ఎక్కడానికి ఎంత అప్పు చేశామో మళ్ళీ చెప్పనక్కరలేదు. నాకు ఇరవై ఏడో ఏట, మస్కట్‌లో ఒక పెద్ద హోటలు వంటశాల సరుకుల గదిలో పని దొరికింది. ఆ గదికి పెద్ద ఈ త్రిసూరాయనే. మలయాళంలో అన్నగారిని చేట్టన్ అంటారు కాబట్టి నేనూ చేట్టన్ అనే పిలిచేవాణ్ణి. ఈ సంగతి జరిగేటప్పటికి నేను వెళ్ళి మూడు నెలలే అయింది, భాష రాదు, ఇంకో మూడు నెలలు సరిగ్గా చేస్తేనే ఉద్యోగం ఖాయం, లేకపోతే తిరుగు విమానమే.

ఇక్కడ మా నాన్నగారి సంగతి చెప్పాలి. ఆయన అల్లవరం వైపు కాలవ గట్ల మీద తాడిచెట్లు గీసేవారు. ఆయన కల్లు అంటే చుట్టుపక్కల పేరు, ఆ పేరుకి కారణం ఒక్కటే. పొద్దున్న దించినది ఎండ ముదిరే లోపల అయిపోవాలి, అవకపోతే ఎంత ఉన్నా, ఎవరు బతిమాలినా, కొబ్బరిచెట్టు మొదట్లో పోసేసేవారు. "ఒరేయ్, నిలవది ఎవరికన్నా పోసేవంటే నా మోకు మీద ఒట్టే" అని, చెట్టెక్కే మోకు మీద చెయ్యేసి నాతో అనేవారు. మా ఇంట్లో నిలవ అన్న మాటకి రెండు అర్థాలుండేవి. మా అమ్మ నోట అది గొప్ప మాట, మూడేళ్ళ నాటి నిలవ మాగాయ తీసి చుట్టాలకి వడ్డించేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. మా నాన్నగారి నోట అదే మాట తిట్టు. ఆ రోజు మస్కట్‌లో నాకు అమ్మ గుర్తొచ్చి ఉంటే ఈ కథే లేదు, నాన్నగారు గుర్తొచ్చారు.

జరిగిందేమిటంటే, చేట్టన్ మార్కెట్టుకి వెళ్ళిన ఒక పూట, పాడైన సరుకు ఏరి పారెయ్యమని నాకు పని ఒప్పజెప్పారు. నేను మహా ఉత్సాహంగా, మూల మూలలు వెతుకుతూ పోతే, అన్నిటికన్నా అడుగున, చీకట్లో, దుమ్ము పట్టిన పెట్టె ఒకటి కనిపించింది. అందులో పన్నెండు నల్ల సీసాలు. ఎత్తి వెలుతురుకి పట్టి చూస్తే అడుగున వేలెడు మందాన మడ్డి. చీటీల మీద అంకెలు కూడబలుక్కుంటే కొన్ని ఆరేళ్ళ నాటివి, కొన్ని పదేళ్ళ నాటివి. మూత తీసి వాసన చూశాను, పులిసిన వాసనే. ఇంకేం కావాలి? పొద్దుటి కల్లు మధ్యాహ్నానికే పనికిరాకపోతే పదేళ్ళ నాటిది ఏ మనిషి కడుపులో పడితే ఏమవుతుందోనని, ఒక్కొక్కటీ మూత తీసి సింకులో వంచేశాను. నురగ గట్టు దాటి పొంగింది. గదంతా బెల్లం వండే చోట వచ్చే వాసన వచ్చింది. అప్పుడైనా అనుమానం రావద్దూ? రాలేదు. మా నాన్నగారు చూస్తే ఎంత మెచ్చుకుంటారో అనుకున్నాను.

పదకొండు అయిపోయి పన్నెండోది చేతిలోకి తీసుకున్నప్పుడు చేట్టన్ వచ్చారు. అంత లావు మనిషి అంత వేగంగా దూకగలడని నేననుకోలేదు. నా చెయ్యి పట్టుకుని, సింకు చూసి, సీసాలు చూసి, తల మీద చేతులు పెట్టుకుని ఒక బస్తా మీద కూలబడ్డారు. అవి మా వంటశాల పెద్ద షెఫ్ గారివి. ఆయనది బెల్జియం. ఆయన ఊరి దగ్గర మఠంలో సన్యాసులు కాచే బీరట అది, సన్యాసులు సారా కాయడం ఏమిటో నాకు ఇప్పటికీ వింతే. కూతురు పుట్టినప్పటి నుంచి సెలవుకి వెళ్ళినప్పుడల్లా ఒక్కో సీసా తెచ్చి దాచుకుంటున్నాడు. ఎన్నేళ్ళు నిలవుంటే అంత బాగుంటుందట. అది విన్నాక ఇక పెట్టె సర్దుకోవడమే మిగిలిందనుకున్నాను.

చేట్టన్ నన్ను వెంటబెట్టుకుని షెఫ్ దగ్గరికి వెళ్ళారు. నేను నోరు తెరిచే లోపలే, తప్పు నాది, కొత్తవాడికి చెప్పకుండా వెళ్ళాను, పంపితే ఇద్దర్నీ పంపెయ్యండి అనేశారు. ఆయనకి ముగ్గురు ఆడపిల్లలు, ఆ ఉద్యోగమే ఆధారం. షెఫ్ నా వైపు తిరిగి ఎందుకు పోశావని అడిగితే, నేను వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో మా నాన్నగారి గురించీ, కొబ్బరిచెట్టు మొదలు గురించీ చెబుతుంటే, కల్లు సంగతి తెలిసిన మనిషి కాబట్టి మిగతాది చేట్టన్ అందించారు. షెఫ్ ఎర్రటి మొహం ఉన్నట్టుండి పెద్దగా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

తరవాత ఆయన పన్నెండో సీసా తెరిచి, మడ్డి కదలకుండా, మెల్లిగా మూడు గ్లాసుల్లో పోశాడు. నేను తాటాకు దొప్పలో తాగే అలవాటున ఒక్క గుక్కలో పట్టించబోతే చేట్టన్ మోచేత్తో పొడిచి, "అది కల్లు కాదురా, అచారు, ఊరగాయ. నంజుకో!" అన్నారు. నంజుకున్నాను. కాఫీ కషాయం రంగు. మొదట పాకం మాడబోయే ముందు వచ్చే తీపి, వెనకాలే ఖర్జూరం, లవంగం, మింగాక నాలుక చివర వేయించిన మెంతుల చేదు, ఆ తరవాత గుండెలో చిన్న వెచ్చదనం. ఇలాంటివి పదకొండు సింకులో పోశానని అప్పుడు తెలిసొచ్చింది, సిగ్గుతో చచ్చిపోయాను.

మరుసటి సెలవు నుంచి వచ్చినప్పుడు షెఫ్ నాకు శిక్ష వేశాడు. కొత్త సీసా ఒకటి నా చేతిలో పెట్టి, దీన్ని పారెయ్యకుండా దాచు, చేట్టన్ సరే అనేదాకా మూత తియ్యకు అన్నాడు. ఆయన తన దేశం వెళ్ళిపోయాడు, కొన్నేళ్ళకి మేమూ మా ఊళ్ళు చేరాం. సీసాని చూసి మా ఆవిడ "ఇదేమన్నా మందాండీ?" అని అడిగి, నిలవ పెట్టేదని చెప్పగానే చీకటి గదిలో ఆవకాయ జాడీల మధ్య పెట్టి, జాడీలతో పాటు దాని మెడకీ వాసెన కట్టింది. ఏటా కొత్త ఆవకాయ కలిపినప్పుడు దానికీ కొత్త గుడ్డ. ఏటా ఓణం పండగనాడు చేట్టన్ ఫోను, మొదటి మాట "సింకిల్ ఒళిచ్చో?" అని. లేదు చేట్టా, తెరవనా అంటే, అప్పుడే వద్దు అనేవారు. ఎన్నాళ్ళండీ అని ఒకసారి విసుక్కుంటే, తెరిచేస్తే తరవాత ఏ వంకతో నీకు ఫోను చెయ్యను అన్నారు. కిందటి ఓణానికి మాత్రం ఆ ఫోను రాలేదు.

ఇదంతా విని ఆ అమ్మాయి సాయంత్రం వీడియో కాల్ చేసింది. చేట్టన్ బాగా చిక్కిపోయారు. నన్ను ఎగాదిగా చూసి ఎవరని కూతురిని అడిగారు. నేను వాసెన విప్పి సీసా ఎత్తి చూపించాను. ఆయన దాన్నే చూస్తూ, "సింకిల్ ఒళిచ్చో?" అన్నారు. లేదు చేట్టా, ఇదిగో, మూత కూడా తియ్యలేదు అన్నాను. ఆ కళ్ళు మెల్లిగా నవ్వాయి. "ఎన్నాల్ ఒళిక్కు" అన్నారు. అంటే, అయితే పోసెయ్యి, అని. ఒకప్పుడు పోస్తున్న చెయ్యి పట్టుకుని ఆపిన మనిషి.

పక్కనుంచి మా ఆవిడ "ఆయ్, అన్నయ్యగారు పొయ్యమన్నారు కదండీ, పొయ్యండి మరి" అని గ్లాసులు తెచ్చింది. నురగ రాలేదు, పొంగు ఎప్పుడో చచ్చిపోయింది. కానీ రుచి ఉంది, పాత చింతపండు పులుపూ, ఎండుద్రాక్ష తీపీ కలిసి, ఆ మెంతుల చేదు మాత్రం చెక్కుచెదరకుండా. ఎప్పుడూ ముట్టని మా ఆవిడ కూడా చెంచాడు నాలుక మీద వేసుకుని, పాడవలేదండీ అని తన ఆవకాయని మెచ్చుకున్నట్టే మెచ్చుకుంది. నేను కాసింత తీసుకెళ్ళి కొబ్బరిచెట్టు మొదట్లో పోశాను, మా నాన్నగారూ రుచి చూడాలి కదా.

ఆయన గీసిన గట్ల మీద ఇప్పుడు తాడిచెట్లు లేవు, రొయ్యల చెరువులున్నాయి. పూట గడిస్తే పారబోసే సరుకూ, మూడేళ్ళు దాచే ఓపికా రెండూ పోయి, అన్నీ తేదీలు వేసిన పొట్లాల్లో ఫ్రిజ్జుల్లో ఉంటున్నాయి. నిన్న ఆ అమ్మాయి మళ్ళీ ఫోను చేసి, నాన్న ఆ మాట అడగడం మానేశారు, ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నారు అని సంతోషంగా చెప్పింది. చాలా సంతోషం తల్లీ అన్నాను. ఫోను పెట్టేశాక చూస్తే, నన్ను ఆ మాట అడిగేవాళ్ళు ఇక ఎవరూ లేరని తెలిసింది. లోపల మా ఆవిడ ఖాళీ సీసాని కడిగి, ఆరబెట్టి, కొత్త గుడ్డతో వాసెన కడుతోంది. నేను వెళ్ళి ముడికి వేలు అడ్డం పెట్టాను.