మలుపు అవతలి హారన్

నేను దయ్యాల్ని నమ్మేవాణ్ణి కాదు. సూరత్‌లో మా బమ్రోలి మగ్గాల చప్పుడులో దయ్యమొచ్చి చెవిలో అరిచినా వినపడదని నవ్వేవాణ్ణి. చదివింది ఐదో తరగతి. ఇలా రాయడం ఇదే మొదలు, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

రెండో కరోనాలో మా అన్న పోయాడు. వ్యాన్ నడిపేవాడు. మొహం కూడా చూపించకుండానే దహనం చేశారు. అందుకే వదిన నమ్మలేదు. రోజూ అన్నకు కూడా ఒక కంచం పెట్టేది. బతికున్నప్పుడు అన్న గల్లీలోకి రాగానే రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగు హారన్ కొట్టేవాడు. అది విని ఆమె తలుపు తీసేది.

వానాకాలానికి వదిన మనసు రాయి చేసుకొని, కంచం పెట్టడం మానేసింది. వ్యాన్ అమ్మేసి, పిల్లల్ని తీసుకొని సిరిసిల్లలో తల్లిగారింటికి పోతానంది. సాపుతారా కొండ మీద టూరిస్టుల్ని తిప్పే ఒకాయన కొంటానన్నాడు. వ్యాన్ నేనే నడిపాను. ఆఖరిసారి కూర్చుంటానని వదిన కూడా వచ్చింది.

కొండలు చూడటం నాకు అదే మొదటిసారి. సూరత్ కార్లన్నీ అక్కడే ఉన్నట్టున్నాయి. డిక్కీలు తెరిచి, స్టవ్‌లు ముట్టించి భజియాలు వేసుకుంటున్నారు. ఒకాయన కారు పైనే టెంటు వేశాడు. ఇంకొకాయన వాగు నీళ్లతో కారు కడిగి, దానికి పూలదండ వేస్తున్నాడు.

"కారుకు తానం జేపిచ్చి దండేస్తుండు," అంది వదిన. "మీ అన్నకు గదిగూడ లేకపాయె."

ఘాట్ ఎక్కేముందు చాయ్ అమ్మే ఆమె అక్కడి పద్ధతి చెప్పింది. మలుపు దగ్గర హారన్ కొట్టాలి. అవతలి నుంచి జవాబొస్తే ఆగి, ఆ బండిని రానివ్వాలి.

పైకి పోయేకొద్దీ కార్లు తగ్గాయి. మంచు కమ్మింది. ఒక మలుపు దగ్గర నేను ఒక్కసారి హారన్ కొట్టాను.

జవాబొచ్చింది. రెండు పొట్టి, ఒక పొడుగు.

నా కాలు బ్రేక్ మీద పడింది. ఎంతసేపు చూసినా బండి రాలేదు. దిగి మలుపు దాటి చూస్తే, కొండరాళ్లు విరిగిపడి రోడ్డంతా మూసుకుపోయి ఉంది. ఇద్దరు కూలీలు రాళ్లు తీస్తున్నారు. పొద్దుటి నుంచి అటు వైపు నుంచి ఒక్క బండీ రాలేదన్నారు. హారన్ విన్నారా అని అడిగాను. నీదొక్కటే విన్నామన్నారు.

తిరిగొచ్చేసరికి వదిన డోర్ తీసి, దిగి రోడ్డు మీద నిలబడి ఉంది.

"తమ్మీ, ఇన్నవా?"

"లే వదినె. నాకేం ఇనవడలే."

"ఇనకుంటె బిరేకెందుకేసినవ్?"

వ్యాన్ తిప్పుకొని వచ్చేశాం.

కొండల్లో చప్పుడు తిరిగొస్తుందని మా మగ్గాల వాళ్లు అంటారు. కానీ నేను కొట్టింది ఒక్కసారే. ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు.

వదిన వ్యాన్ అమ్మలేదు, ఊరికీ పోలేదు. కంచం మళ్లీ పెడుతోంది. ఇప్పుడు గల్లీలో ఏ హారన్ మోగినా, ఆమె ముందు తలుపు వైపు చూడదు. నా మొహం చూస్తుంది.