డెలావేర్ ఒడ్డున పడవల వడ్రంగి

లక్ష్మీపతి పడవల వడ్రంగి. తాళ్ళరేవులో ముప్పై ఎనిమిదేళ్ళు చెక్క పడవలు కట్టాడు. ఆ ముక్క చెప్పుకోవడానికి ఆయనకి ఏనాడూ మొహమాటం లేదు. మొహమాటమంతా అల్లుడు వేణుమాధవ్‌ది. కూతురి దగ్గరికి అమెరికా వచ్చాక, ప్లెయిన్స్‌బరోలో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా "మా మామగారు షిప్పింగ్‌లో చేసి రిటైరయ్యారు" అని పరిచయం చేసేవాడు. "ఓ, మర్చంట్ నేవీనా అంకుల్?" అని వాళ్ళు అడిగితే లక్ష్మీపతి పప్పులో నెయ్యి కలుపుకుంటూ, అవునో కాదో ఎవరికీ అంతుపట్టకుండా తల ఊపేవాడు. అల్లుడు చెడ్డవాడేం కాదు. పెద్దాయన్ని నలుగురిలో ఒక మెట్టు పైన కూర్చోబెడదామని అతని తాపత్రయం. ఆ మెట్టు ఎక్కించడానికి అసలు మనిషినే మాయం చేస్తున్నానని అతనికి తట్టలేదు, అంతే.

లక్ష్మీపతికి మాత్రం అది ముల్లులా గుచ్చుకునేది. ఫైబర్ పడవలొచ్చాక ఊళ్ళో పని ఆగిపోయింది, పనిముట్లు అటకెక్కాయి. ఆఖరికి ఆ పని చేశానని చెప్పుకునే వీలు కూడా లేకపోతే ఇన్నేళ్ళూ తను ఏం చేసినట్టు? పని తెలిసినవాడు ఒక్కడంటే ఒక్కడు, నువ్వు పనివాడివయ్యా అని ఒప్పుకుంటే చాలు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆయనకి మిగిలిన కోరిక అదొక్కటే.

2011 జూన్‌లో ఒక శనివారం కూతురు శాంతి తండ్రినీ మొగుణ్ణీ కారెక్కించి ఫిలడెల్ఫియా తీసుకెళ్ళింది. డెలావేర్ నది ఒడ్డున పెన్స్ లాండింగ్ చూపించాలని. ఒకప్పుడు దేశదేశాల ఓడలు సరుకు దింపిన రేవు అది. ఇప్పుడు అక్కడ సరుకూ లేదు, కూలీలూ లేరు. నున్నటి నడకదారులు, ఐస్‌క్రీమ్ బళ్ళు, వరుసగా కట్టేసిన తెల్లటి షికారు పడవలు. "ఇలా నిలబడండి మామయ్యగారూ, వెనక బ్రిడ్జి పడుతుంది" అని వేణుమాధవ్ కెమెరా తీశాడు. లక్ష్మీపతి నిలబడ్డాడు గాని చూపు పడవల మీదే ఉంది. ఒక్కదానికీ చెక్క లేదు. "ప్లాస్టిక్ బకెట్లు" అని గొణుక్కున్నాడు.

రేవు చివర ఒక చిన్న షెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్ళు ఆగిపోయాయి. రంపపు పొట్టు వాసన. షెడ్డు ముందు మోకాలెత్తు దిమ్మల మీద పద్నాలుగడుగుల కొత్త పడవ, నిఖార్సయిన చెక్కది. పక్కనే వాల్ట్ అనే ముసలాయన, ఇంకో ఇద్దరు, మొహాలు వేలాడేసుకుని ఉన్నారు. శాంతి మాట కలిపింది. శీతాకాలమంతా కూర్చుని ఊరి పిల్లల కోసం కట్టారట. రెండింటికి పిల్లలొస్తారు. పొద్దున్నుంచి రెండుసార్లు నీళ్ళలో దింపితే రెండుసార్లూ పడవ వెనక భాగంలో నీళ్ళు చేరాయి. చేరిన చోట పలకల సందుల్లో కొత్త నూలు కూరినా లాభం లేకపోయింది. ఈసారీ కారితే పిల్లల్ని వెనక్కి పంపేయడమే.

"ఎక్కి చూడొచ్చేమో అడుగమ్మా" అన్నాడు లక్ష్మీపతి. వాల్ట్ సరేనన్నట్టు చెయ్యూపాడు. లక్ష్మీపతి వంగి షూలు విప్పాడు, సాక్సులు కూడా విప్పి పక్కన పెట్టాడు.

"ఇక్కడ షూస్ విప్పక్కర్లేదండీ" అని వేణుమాధవ్ చెవిలో చెప్పాడు. "అందరూ చూస్తున్నారు మామయ్యగారూ."

"పడవండీ అల్లుడుగారూ. చెప్పులతో ఎక్కితే మా మేస్త్రి వీపు చీరేసేవోడు."

వాల్ట్ ఆ వట్టి పాదాల వంక చూశాడు. అంతసేపూ ముభావంగా ఉన్న మొహం విప్పారింది. ఏదో అడిగాడు. "ఎవరూ చెప్పకుండానే షూస్ విప్పి ఎక్కిన విజిటర్‌వి ఈ ఏడాదిలో నువ్వొక్కడివేనట నాన్నా" అంది శాంతి. "ఏం పని చేసేవాడివని అడుగుతున్నాడు."

"షిప్పింగ్..." అని వేణుమాధవ్ అందుకోబోయాడు. శాంతి సాగనివ్వలేదు. పడవలు కట్టేవాడు, నలభై మూడు కట్టాడు అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పేసింది. వాల్ట్ తన చేతిలో ఉన్న చెక్క సుత్తిని పిడివైపు తిప్పి లక్ష్మీపతికి అందించాడు.

అప్పుడు వేణుమాధవ్‌కి నిజంగానే చెమటలు పట్టాయి. తొమ్మిదేళ్ళుగా హెచ్-వన్ వీసా మీద బతుకుతున్నవాడు, గ్రీన్‌కార్డు ఫైలు ఇంకా కదల్లేదు. "పట్టుకోకండి మామయ్యగారూ. మీది విజిటర్ వీసా. వర్క్ చేయకూడదు. ఎవరైనా ఫోటో తీస్తే మన కేస్ ఏమవ్వాలి?"

లక్ష్మీపతి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తన మూలంగా పిల్లల కాగితాలు చెడిపోవడమా? మెల్లిగా చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. అది చూసి శాంతి ఆ వీసా సంగతి సరాసరి వాల్ట్‌కే చెప్పేసింది. వాల్ట్ విరగబడి నవ్వాడు. ఇక్కడ ఎవరికీ జీతం లేదని, పదకొండేళ్ళుగా తనకే దమ్మిడీ రాలేదని, ఇది పనేనని తన భార్యకి ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోమని అన్నాడు. "వాలంటీరింగా... అయితే ఓకే అనుకుంటా" అని వేణుమాధవ్ తన కెమెరా కూడా సంచీలో దాచేశాడు, ఎందుకైనా మంచిదని.

లక్ష్మీపతి సుత్తి అందుకున్నాడు గాని కొట్టలేదు. "గొట్టం తెమ్మనమ్మా. లోపల నీళ్ళు పొయ్యాలి."

అమెరికావాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నీళ్ళు రాకుండా చెయ్యలేక చస్తుంటే ఈయన పొయ్యమంటాడేమిటి?

"నీళ్ళు కనబడిన చోట కూరారు వీళ్ళు. అది పారుకుంటూ వచ్చి చేరిన చోటమ్మా. దూరిన చోటు ఇంకెక్కడో ఉంటది. లోపల పోస్తే ఆ దారినే బయటికొచ్చి దొరికిపోద్ది. చీలమండ లోతు చాలు, ఎక్కువైతే బరువుకి పలకలు విచ్చుకుంటాయి."

పోశారు. లక్ష్మీపతి కూతురు కొన్న కొత్త ప్యాంటుతోనే నేల మీద వెల్లకిలా పడుకుని పడవ కిందికి దూరాడు. పొడి అరచేత్తో ఒక్కొక్క సందూ తడుముతూ పోయాడు. ఐస్‌క్రీములు తింటున్న జనం చుట్టూ మూగారు. వెనక భాగమంతా పొడిగా ఉంది. మధ్యలోనూ పొడే. ముక్కు దగ్గర, అడుగు దూలానికి మొదటి పలక అతికిన చోట, ఆవగింజంత చుక్క వేలికి తగిలింది. తుడిచాడు. మళ్ళీ ఊరింది. వాల్ట్‌ని పిలిస్తే అతనూ పక్కనే పడుకుని చూశాడు. చూసి, తనని తానే ఇంగ్లీషులో గట్టిగా తిట్టుకున్నాడు. ఆ తిట్టు లక్ష్మీపతికి అనువాదం అవసరం లేకుండానే అర్థమైంది.

నీళ్ళు తోడి, గుడ్డతో అద్ది, కొత్త నూలు పేనిపెట్టి సుత్తితో దింపాడు. మొద్దు చప్పుడు పోయి గట్టి చప్పుడు వచ్చేదాకా కొట్టాడు. చేతులు ఏమీ మర్చిపోలేదు. ఎంత సంతోషం వేసిందంటే, పైన వాల్ట్ మైనం పూసేటప్పుడు కూడా సుత్తి కింద పెట్టబుద్ధి కాలేదు.

రెండింటికి పడవని నీళ్ళలో దింపారు. పావుగంట ఆగి వాల్ట్ లోపలికి వంగి అడుగంతా చేత్తో రాశాడు, అరచెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. పొడి చెయ్యి. గట్టు మీద చప్పట్లు మోగాయి. పిల్లలు ఎక్కి ఒక చుట్టు తిరిగొచ్చారు.

పడవ ఒడ్డుకొచ్చాక వాల్ట్ అందులో కూర్చోడానికి వేసిన పలక ఒకటి ఊడదీసి తిరగేశాడు. దాని అడుగున ఆ పడవ కట్టినవాళ్ళ పేర్లున్నాయి. లక్ష్మీపతికి పెన్సిల్ ఇచ్చాడు. తను కట్టిన నలభై మూడు పడవల మీదా దేవుళ్ళ పేర్లున్నాయి, ఆసాముల పేర్లున్నాయి. వడ్రంగి పేరు ఒక్కదాని మీదా లేదు. తెలుగులో రాయొచ్చా అని కూతురి చేత అడిగించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ 'లక్ష్మీపతి, తాళ్ళరేవు' అని రాశాడు.

వెనకనించి వంగి చూస్తున్న వేణుమాధవ్ ఇంకాస్త ముందుకి జరిగాడు. పేరు పక్కన వేలు పెట్టి చూపించి, "పడవల వడ్రంగి అని కూడా రాయండి మామయ్యగారూ, చోటుంది" అన్నాడు.