చివరి మడి ముందు తాగే తోట

నా చిన్నప్పుడు మా పెదనాన్నంత గొప్పవాడు బాన్సువాడ చుట్టుపక్కల లేడని ఒకే ఒక్కరు నమ్మేవారు. ఆ ఒక్కరూ ఆయనే. కాలువ మొదట్లో పొలం ఉండడం కూడా తన తెలివే అన్నట్టు మీసం దువ్వేవాడు. ఆ ఏడు నాట్ల ముందు పిల్లకాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు వేయించి, నీళ్ళన్నీ తన మళ్ళకే తిప్పుకున్నాడు. దిగువన తండావాళ్ళ నారు ఎండిపోసాగింది. ఆ బస్తాల మూతులు పురికొసతో కట్టింది నేనే. బెల్లం ముక్క ఇస్తే ఏ పనైనా చేసే రకాన్ని.

తండా నుంచి ఒక అక్క వెళ్ళి కాలువల సారుకు మొరపెట్టుకుంది. సారు ఇద్దరినీ బాన్సువాడ బంగళాకు పిలిపించాడు. బస్సెక్కే సరదాకు నేనూ వెళ్ళాను. సారు వచ్చేదాకా బంగళా పక్కన, నిజాం కాలపు చిన్న తోటలో కూర్చున్నాం. నాలుగు గుంటల జాగా, నడుమ రాతి కాలువ, రెండు పక్కలా పూలమళ్ళు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. పెదనాన్న మూతి విరిచాడు.

ముసలి మాలి నీళ్ళు వదిలాడు. అవి గేటు దగ్గరి గులాబీలను దాటి నేరుగా చివరికి పోయాయి.

"గిదేం తోట! ముందలున్న చెట్టు ఎండుతుంటే నీళ్ళు ఎనుకకు ఉరుకుతున్నయి. కట్టినోనికి అకల్ లేదా?" అన్నాడు పెదనాన్న.

"ఉన్నది పటేలా. ఆఖరి మడి తాగినంకనే ముందలికి వస్తయి. గా గడపరాళ్ళు జూడుండ్రి" అన్నాడు మాలి.

ఆయన చూడలేదు. నేను చూశాను. ప్రతి మడి నోట్లో ఒక రాయి. చివరి మడి రాయి నా వేలంత ఎత్తు. గేటు వైపు వచ్చేకొద్దీ ఎత్తు పెరిగి, గులాబీల దగ్గర జానెడుంది. చివరి మడి నిండాక మాలి దాని నోరు మూస్తే, అప్పుడు నీరు పైకి లేచి ఇవతలి గడప దాటుతుంది. బస్తాలు కట్టిన వేళ్ళతోనే ఆ రాళ్ళను కొలిచానని నాకు సిగ్గేసింది.

పెదనాన్నకు ఒళ్ళు మండింది. "ఎట్ల తాగవో జూస్త" అని గులాబీని బెదిరిస్తూ కాలువలో కాలు అడ్డం పెట్టాడు. నీళ్ళు ధోతిని మోకాళ్ళదాకా తడిపి, పాదం పక్కనుంచి తమ దారిన తాము పోయాయి. తండా అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అంతలో సారు వచ్చాడు. బస్తాలు నువ్వే వేయించావా అని అడిగాడు.

"నాకేం తెల్వది సారూ. గీ పొల్ల నెత్తి మీద ఒట్టు!" అంటూ పెదనాన్న నా వైపు చెయ్యి చాచాడు.

తండా అక్క ముఖం పాలిపోయింది. పిల్ల నెత్తి మీద చెయ్యేసి చెప్పాక మా వైపు ఇక ఎవరూ మారుమాట్లాడరు. ఆమె నారు సంగతి అక్కడితో తేలిపోయినట్టే.

నేను తల పక్కకు జరిపాను.

ఆ చెయ్యి గాలిలో ఉండిపోయింది. సారు దాని వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఇంకేమీ అడగకుండా బస్తాలు తీయించమన్నాడు. సాయంత్రానికి బస్తాలు లేచాయి.

పెదనాన్న పోయేదాకా నాతో మాట్లాడలేదు, అదొక లాభం. మనవలున్న వయసు వచ్చింది నాకు. ఇప్పటికీ ఎవరైనా ఆప్యాయంగా నెత్తిన చెయ్యి పెట్టబోతే, అది ఎందుకు వస్తోందో ముందు చూసుకుంటాను.